వాసన టీవీలో రాదు

తెల్లబంగారం టీవీ స్టూడియోలో మేకప్ స్పాంజి ఒక్కటే ఉండేది. వార్తలు చదివే శిరీషకూ, రాశిఫలాలు చెప్పే పంతులుగారికీ, పత్తి ధరలు చదివే పెద్దాయనకూ అందరికీ అదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిరీష ఒకసారి దాన్ని సబ్బుపెట్టి పిండింది. నీళ్లు ముందు నల్లగా వచ్చాయి, తర్వాత గోధుమరంగులో వచ్చాయి, ఆ తర్వాత మళ్లీ నల్లగా వచ్చాయి. అప్పటినుంచి ఆమె ఎమ్మిగనూరులో ఇంటి దగ్గరే పౌడరు వేసుకుని ఆదోని బస్సెక్కేది.

స్టూడియో అంటే పత్తిలోంచి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు మేడమీద ఉన్న రెండు గదులు. కింద మిషన్లు తిరిగినంతసేపూ పత్తి నూగు కిటికీల సందుల్లోంచి లోపలికి వచ్చి, చప్పుడు తగ్గడానికి గోడలకు అతికించిన కోడిగుడ్ల అట్టల మీద పేరుకునేది. ఆ అట్టల వెనక ఎలుకలుండేవి. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంటే, అంతకుముందు మాట్లాడినవాడు ఏం తిన్నాడో తెలిసిపోయేది. శిరీష ఊపిరి బిగబట్టి ఒక వార్త, ఊపిరి పీల్చుకుని ఒక వార్త చదివేది. ఆమె గొంతులో ఆ విరుపు చాలా గంభీరంగా ఉంటుందని ఊళ్లో మెచ్చుకునేవాళ్లు.

చానల్ యజమాని శశికాంత్ తాతలనాటి పత్తి వ్యాపారుల ఇంట్లో పుట్టాడు. పత్తి మీద అతనికి మోజు లేదు, మోజంతా తన మొహం మీదే. రోజూ ఏదో ఒక కార్యక్రమంలో కనిపించాల్సిందే. వక్కపొడి నములుతూ తలుపు పక్కన ఉన్న చెత్తబుట్టలోకి దూరం నుంచే ఉమ్మేవాడు. గురి తప్పేది. గోడకు ఆ మేరకు వేరే రంగు వచ్చింది. అంతటి మనిషికీ శుభ్రత గుర్తొచ్చేది ఒక్కచోటే, అతిథుల కోసం కొన్న ఎర్ర సోఫా దగ్గర. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. ఎమ్మెల్యే వచ్చి కూర్చున్నా, "సార్, తల ఆనించొద్దండి, నూనె అంటుతుంది" అని చెప్పగల ధైర్యం అతనిది.

చానల్‌కు అన్నం పెట్టేది మాత్రం రాజశేఖర్. పేరుకు ముందు డాక్టర్ అని వేసుకునేవాడు కానీ, అంతకుముందు మంత్రాలయంలో ఎరువుల అంగట్లో పనిచేసేవాడు. ఊరు మాధవరం. 'ఉదరామృతం' అని ఒక కడుపుపొడి తయారుచేసి, 'మీ కడుపు - మా బాధ్యత' అని రోజూ లైవ్ కార్యక్రమం చేసేవాడు. ఇంటినుంచి స్టీలు సీసాలో తెచ్చుకున్న మజ్జిగ గ్లాసులో పోసుకుని, బల్లమీది డబ్బాలోంచి ఒక చెంచా పొడి వేసి కలిపి, కెమెరాను చూస్తూ గటగటా తాగి, "ఆహా" అనేవాడు. ఆ ఆహాకు మూడు మండలాల్లో అభిమానులున్నారు. ఆయన తాగాక తేన్చేవాడు కూడా. ఆ తేన్పు కోసం మైకును కొంచెం దగ్గరికి జరపమని శశికాంత్ కెమెరామన్ రామాంజికి చెప్పి పెట్టాడు. తర్వాత అదే మైకు శిరీష ముందుకు వచ్చేది.

రాజశేఖర్ చనిపోయిన రోజు ఆమె పక్కగదిలో వార్తల కాగితాలు సర్దుకుంటోంది. ఫోనులో ఎవరో ఆడమనిషి గొంతు పెద్దగా వినిపిస్తోంది.

"సార్, నేను కౌతాళం నుంచి హులిగమ్మను మాట్లాడతాండా. పొడి ఊటానికి ముందు తాగల్లా, అన్నం తిన్యాక తాగల్లా?"

రాజశేఖర్ నుంచి జవాబుకు బదులు వింత చప్పుడు వచ్చింది. శిరీష తలుపు తీసి చూసేసరికి ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి వాంతి చేసుకుంటున్నాడు. మామూలు వాంతి కాదు, ఆగకుండా. కళ్లు బయటికి వచ్చాయి. ఒక చేత్తో బల్ల పట్టుకుని, రెండో చేత్తో కెమెరాకు దణ్ణం పెడుతున్నట్టు ఊపుతున్నాడు. రామాంజి కట్టెలా నిలబడిపోయాడు. ఏం జరిగినా కెమెరా ఆపకూడదన్నది శశికాంత్ పెట్టిన నియమం. శశికాంత్ గాజు అద్దం వెనకనుంచి, "మొహం మీదికి పో, మొహం మీదికి పో" అని చేతులు తిప్పుతున్నాడు.

"సార్, వినపడతాందా?" అంది హులిగమ్మ. "ఊటానికి ముందేనా?"

రాజశేఖర్ కిందపడ్డాడు. శిరీష పరుగెత్తి తల పైకెత్తింది. ఆమె చేతులూ చీర కుచ్చిళ్లూ తడిసిపోయాయి. "అంబులెన్సుకు ఫోన్ చేయండి" అని అరిచింది. అంబులెన్సు వచ్చింది, కానీ మెట్లు దింపేలోపే ఆయన ఊపిరి ఆగిపోయింది. కింద మిల్లులో మిషను ఆపినవాళ్లు లేరు.

ఆమె కొళాయి దగ్గర మోచేతుల దాకా రుద్దుకుంటుంటే శశికాంత్ వచ్చి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. అయినా గొంతులో ఏదో తొందర.

"అమ్మా శిరీషా, బులెటిన్ టైమైతాంది. ఆ చోటే కూర్చోని చదువు. జనమంతా మన చానలే చూస్తాండారు."

"సార్, అక్కడ ఇంకా తుడవను కూడా లేదు. నిలబడలేకపోతున్నాం, ఆ వాసనకు."

"వాసన టీవీలో రాదు కదమ్మా" అన్నాడు శశికాంత్.

ఆమె చదివింది. ఎందుకు చదివానా అని తర్వాత చాలాసార్లు తనను తానే తిట్టుకుంది. ఆ రోజు బులెటిన్‌లో తన మొహం చూసినవాళ్లు, పాపం ఎంత బాధపడుతోందో అన్నారట. ఆమె నిజానికి కడుపులోది పైకి రాకుండా ఆపుకుంటోంది.

సి.ఐ. ఏసన్న జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గర నుంచే గది చూశాడు. బల్లమీదున్న మజ్జిగ సీసా ఒక్కటి సంచిలో వేయించుకున్నాడు. గ్లాసూ పొడి డబ్బా ఏవని అడిగితే, వాంతి పడిందని కడిగేశామన్నాడు శశికాంత్. "మంచి పని చేసినారు" అని ఏసన్న గబగబా మెట్లు దిగిపోయాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరు కడుపులో పడకూడని మందేదో పడిందని చెప్పాడు. అది ఏ మందో తేలాలంటే పైనుంచి రిపోర్టు రావాలి. మొత్తానికి హత్యే అని ఊరంతా తేల్చేసింది. మజ్జిగ ఇంటినుంచి వచ్చింది కాబట్టి పెళ్లామే కలిపి ఉంటుందని కూడా తేల్చేసింది.

మరుసటి రోజే శశికాంత్ కొత్త కార్యక్రమం మొదలుపెట్టాడు. పేరు 'చంపిందెవరు? మీరే చెప్పండి'. వాట్సాప్‌లో ఓటు వేయొచ్చు. సరైన జవాబు పంపినవాళ్లలో ఒకరికి ప్రెషర్ కుక్కరు. తెరమీద ఒక మూల చచ్చిపోయిన రాజశేఖర్ నవ్వుతున్న ఫొటో, ఒక మూల కుక్కరు బొమ్మ. మధ్యలో శిరీష. వద్దంటే ఉద్యోగం మానేసి పొమ్మన్నాడు. ఎమ్మిగనూరులో నాన్న మగ్గానికి పని తగ్గి చాలా కాలమైంది. ఆమె మధ్యలో కూర్చుంది.

అనుమానితుల జాబితాలో రెండో పేరు గిరిధర్‌ది. ఎమ్మిగనూరులో 'మగ్గం టీవీ' నడిపేది అతనే. రాజశేఖర్ వచ్చే నెల నుంచి అక్కడికి మారిపోతున్నాడని అందరికీ తెలుసు. తన పేరు తెరమీద చూసి గిరిధర్‌కు కోపం వస్తుందని శిరీష అనుకుంది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని స్వయంగా వచ్చాడు.

"నేనెందుకు చంపుతానప్పా? ఆయన మా చానల్‌కే కదా వస్తాండేది" అన్నాడు కెమెరా ముందు. కెమెరా ఆగాక శశికాంత్ చెవిలో, "నాకు ఓట్లు తక్కువ పడుతున్నాయి. కొంచెం అనుమానం పెంచన్నా, మా చానల్ పేరు నాలుగుసార్లు వస్తాది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఏసన్న రోజూ సాయంత్రం వచ్చి దర్యాప్తు వివరాలు చెప్పేవాడు. వివరాలేమీ లేవు. ఆ ఉమ్మడి స్పాంజితోనే మొహం అద్దుకుని, "చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అనేవాడు. తర్వాత మానిటర్‌లో చూసుకుని, "ఇంకొకసారి తీద్దాం రామాంజీ, మీసం సరిగ్గా పడలేదు" అనేవాడు. శిరీష వాళ్లమ్మ సుంకులమ్మ కూడా ఓటు వేసింది. ఎవరికని శిరీష అడగలేదు. తను చదువుతున్నప్పుడు అమ్మ వీధిలోని ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టుకుని చూస్తోందని తెలిసిన రోజున ఆమె అన్నం కంచం ముందునుంచి లేచిపోయింది.

వారం గడిచేసరికి పెళ్లాం వెంకటలక్ష్మికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. "ఆమె ఏడుస్తుంటే ఒక ముక్క తీసుకురా" అని శశికాంత్ శిరీషనూ రామాంజినీ మాధవరం పంపాడు.

ఇంటి ముందు జనం. కారు ఆగగానే పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, వెంకటలక్ష్మి గుమ్మంలో కూర్చుని వింటుండగానే, "నేను ఈమెకే ఓటేసినాను మా, నా పేరు చదవల్లేదు యాల?" అని శిరీషను నిలదీసింది. శిరీషకు ఆవిడ మొహం మీద మైకు విసిరికొట్టాలనిపించింది. రామాంజిని కెమెరా కార్లోనే ఉంచమని చెప్పి, ఒక్కతే లోపలికి వెళ్లి తలుపు వేసింది.

వెంకటలక్ష్మి ఏడవలేదు. చాప పరిచింది.

"కూర్చో మా. ఏడ్చే బొమ్మ కావల్ల కదా నీకు? పోలీసులు కూడా అట్లే, దుఃఖంగా కూర్చోమన్నారు, ఫొటో తీసుకోని పోయినారు."

"నాకేం వద్దక్కా. కొంచెం నీళ్లివ్వు."

నీళ్లిచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. "ఆ మజ్జిగే పిల్లోళ్లూ తాగినారు, నేనూ తాగినాను. మాకెవురికీ ఏమీ కాలేదు. ఆ మాట అడిగినోళ్లు లేరు."

"మరి పొడిలో..."

"ఆయన ఆ పొడి తాగుతాడా?" వెంకటలక్ష్మికి ఆ కష్టంలోనూ నవ్వు వచ్చింది. "అది తాగితే బేదులైతాయని ఆయనకు శానా భయం. టీవీలో పెట్టే డబ్బా వేరే. దాంట్లో శొంఠి, చక్కెర కలిపి నేనే పంపుతా. ఆ డబ్బా మీ స్టూడియోలోనే ఉంటాది."

శిరీష నీళ్లు తాగడం ఆపేసింది. ఊరంతా తాగుతున్న పొడిని చేసినవాడు తాగడు. అమ్మ బీరువా మీద కూడా ఆ డబ్బా ఒకటి ఉంది. ఆ తర్వాత అసలు సంగతి తట్టింది. మజ్జిగ మంచిదే, శొంఠి మంచిదే. కాబట్టి డబ్బాలో ఏదైనా కలిపితే స్టూడియోలోనే కలపాలి.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో ఆమె ఆ ఉదయాన్ని మళ్లీ మళ్లీ గుర్తు తెచ్చుకుంది. పొద్దున వార్తలు చదివినప్పుడు వెనక ఎర్ర సోఫా ఉంది. రాజశేఖర్ రోజూ దాని మీదే కూర్చుని మాట్లాడతాడు. కానీ ఆయన పడిపోయింది ప్లాస్టిక్ కుర్చీలోంచి. కింద కార్పెట్టు కూడా లేదు. ఆమె మోకాళ్లకు తగిలింది నీలంరంగు పట్ట, లారీలో పత్తి బేళ్ల మీద కప్పే టార్పాలిన్ పట్ట.

"రామాంజన్నా, ఆ పొద్దు సోఫా ఎవరు తీయమన్నారు?"

"సారే. సోఫా కింద గోడౌన్లోకి దింపిచ్చి, కార్పెట్టు సుట్టేసి, పట్ట పరచమన్యాడు. సున్నం కొట్టిస్తాడేమో అనుకున్యా." అంతవరకూ చెప్పి రామాంజి స్టీరింగు సంగతి మరిచి ఆమె వైపు తిరిగాడు. కారు కాసేపు రోడ్డు మధ్యలో నడిచింది.

శిరీష నేరుగా పోలీస్ స్టేషనుకు వెళ్లి ఏసన్నకు అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. బుర్ర తక్కువ మనిషి కాదు. రెండు ప్రశ్నలడిగి, రామాంజి మాట కూడా విని తలాడించాడు.

"నువ్వు సెప్పేది కరెక్టే అమ్మా. అయితే శుక్రవారం దాకా ఆగుదాం."

"ఎందుకు సార్?"

"శుక్రవారం లాస్టు ఎపిసోడు కదా. హైదరాబాదు చానళ్లు కూడా తీసుకుంటాండాయి. నాకు అరగంట ఇస్తానన్నాడు."

"ఎవరు ఇస్తానన్నారు సార్? శశికాంత్ గారా?"

"ఆయనే" అన్నాడు ఏసన్న, అందులో తప్పేముందో తెలియక.

ఆమె బయటికి వచ్చి స్టేషను గోడ పక్కన నిజంగానే వాంతి చేసుకుంది. రామాంజి నీళ్ల సీసా అందించాడు.

శుక్రవారం సాయంత్రం స్టూడియోకు పూలదండలు కట్టారు. ఎర్ర సోఫా మళ్లీ వచ్చింది, కవరుతో సహా. దాని మీద ఒకవైపు ఏసన్న, ఒకవైపు గిరిధర్, అంచుమీద కూర్చున్నారు. శశికాంత్ పట్టుచొక్కా వేసుకుని శిరీష పక్కన నిలబడ్డాడు. బల్లమీద కుక్కరుకు కుంకుమబొట్టు పెట్టి ఉంది. ఓట్లు చదవమని కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె కాగితం బల్లమీద పెట్టేసింది.

"ఓట్లకు ముందు ఒక ప్రశ్న" అంది కెమెరాను చూస్తూ. తర్వాత అతని వైపు తిరిగింది. "సార్, రాజశేఖర్ గారు పోయిన రోజు ఈ సోఫా ఇక్కడినుంచి ఎందుకు తీయించారు?"

శశికాంత్ నవ్వాడు. లైవ్‌లో నవ్వడం అతనికి అలవాటు. "అదేం ప్రశ్నమ్మా? ఈ సోఫా బెంగళూరు నుంచి తెప్పించినాను. దీని మీద వాంతి పడితే మరక పోతాదా?"

"వాంతి అవుతుందని మీకు ముందే ఎట్లా తెలుసు?"

గిరిధర్ మెల్లగా సోఫా అంచునుంచి లేచాడు. శశికాంత్ రామాంజి వైపు చెయ్యి ఊపాడు, ఆపమన్నట్టు. రామాంజి ఆపలేదు. మొహం మీదికి పోయాడు.

అప్పుడు శశికాంత్‌కు ఏమైందో, భయం పోయి రోషం వచ్చింది. "నేను సంపాలని కలిపినానా?" అని అరిచాడు. "కొంచెం కక్కుకుంటాడనుకున్యా, అంతే! కడుపుమందు అమ్మేవాడు లైవ్‌లో కక్కుకుంటే మగ్గం టీవీ వాడు తీసుకుంటాడా? ఇన్నేండ్లు నేను మొహం సూపిచ్చి పెద్దోణ్ణి సేస్తే నన్నే ఇడిసిపెట్టి పోతాడా? బర్రెలకేసే మందది. తక్కువ పడకూడదని రెండింతలేసినా. వాడు సచ్చిపోతాడని నాకేం తెలుసప్పా?"

స్పీకర్లో ఎవరో కాలర్ గొంతు వచ్చింది. లైను తెరిచి ఉన్న సంగతి అందరూ మరిచిపోయారు. "మేడమ్, నేను కోడుమూరు నుంచి. నేను వేరేవాళ్లకు ఓటేసినా. ఇప్పుడు మార్చుకోవచ్చునా?"

ఏసన్న లేచి, టోపీ సరిచేసుకుని, శశికాంత్ భుజం మీద చెయ్యి వేశాడు. వేసి ఒక్క క్షణం ఆగి, ఏ వైపు తిరగాలో రామాంజిని కళ్లతో అడిగాడు. శిరీష అది చూసింది. మైకు తీసి బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. ఇంటికి చేరేసరికి అమ్మ టీవీ ముందే ఉంది.

"నువ్వు సెప్పింది బాగుండాది గానీ పాపా" అంది సుంకులమ్మ, "ఇంగొక వారం ఆగి సెప్పింటే బాగుండు. రేపట్నుంచి సాయంత్రం ఏం సూడల్లా మేము?"

శిరీష బీరువా మీది ఉదరామృతం డబ్బా తీసుకెళ్లి మురిక్కాలవలో బోర్లించి, తలస్నానం చేసింది.

హైదరాబాదు చానలొకటి ఆమెను నేరాల కార్యక్రమానికి పిలిచింది. వెళ్లలేదు. ఎమ్మిగనూరులోనే చేనేత చీరల అంగట్లో చేరింది. మొదటి నెలంతా జనం చీరలు చూడ్డానికి కాక ఆమెను చూడ్డానికే వచ్చారు. మడతలన్నీ విప్పించి, "ఆ రోజు ఆయన కక్కినప్పుడు నువ్వు దగ్గరే ఉన్యావంట కదా, ఎట్లుండె?" అని అడిగి, ఏమీ కొనకుండా పోయేవాళ్లు. ఆమె చీరలు మడతపెట్టుకునేది. కొత్త బట్ట గంజి వాసన మాత్రం ఆమెకు హాయిగా ఉండేది.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం వెంకటలక్ష్మి అంగడికి వచ్చింది. వెనక గిరిధర్ కారు ఆగి ఉంది. శిరీష లేచి వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పిల్లలు బాగున్నారా అంది. ఊళ్లోవాళ్లు ఇప్పుడు మాట్లాడుతున్నారా అంది.

"అందరూ మాట్లాడతాండారు మా. నువ్వు చేసిన మేలు మర్సిపోను." వెంకటలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుంది. "సోమవారం నుంచి మగ్గం టీవీలో నేనే ప్రోగ్రామ్ చేస్తాండా. పొడి మళ్లా మొదలుపెట్టినాము. డబ్బా మీద మా ఆయన ఫొటో వేయించినా. నువ్వు పక్కన కూర్చోని అడుగుతాంటే నేను సెప్తా. గిరిధర్ సార్ మంచి జీతమిస్తానన్నాడు."

శిరీష చేతులు వెనక్కి తీసుకుంది. "అక్కా, ఆ పొడి తాగితే బేదులైతాయని నువ్వే చెప్పినావు కదా."

"అందరికీ కాదులే. కొందరికి." ఆమె తల దించుకోలేదు. "ఇద్దరు పిల్లోళ్లు మా నాకు. ఓట్లేసినోళ్లే ఇప్పుడు వచ్చి పొడి ఉందా అని అడుగుతాండారు. అడిగేవాళ్లకు అమ్మేదాంట్లో నా తప్పేముంది?"

శిరీషకు ఆ మనిషి మీదా, అడిగే జనం మీదా, పట్టుచొక్కా వేసుకుని జైలుకెళ్లినవాడి మీదా, ఎవరి మీదో తేల్చుకోలేని ఏవగింపు కలిగింది. నేను రానక్కా అంది. వెంకటలక్ష్మి బలవంతపెట్టలేదు. చీరల అర వైపు చూసింది.

"సరేలే. తెల్లదైతే జనానికి జాలిగా ఉంటాదని గిరిధర్ సార్ అంటాండాడు. తెల్లది సూపించు."

శిరీష నిచ్చెన జరిపి పై అరలోంచి ఒక మడత దించింది.

"తెల్లది వద్దు. లైట్లకు మెరిసి మొహం నల్లగా వస్తుంది" అంది, ఆమె వైపు చూడకుండా. "ఈ లేతాకుపచ్చ తీసుకో. కెమెరాకు బాగుంటుంది."